అమ్మిన తుపాకి

2019 జూలైలో మా నాన్న తుపాకిని 60 వేల రూపాయలకు అమ్మాను. 2020 డిసెంబరులో అదే తుపాకిని 85 వేలు పోసి మళ్ళీ తెచ్చుకున్నాను. ఈ సంగతి విన్నవాళ్ళెవరూ ఊరికే ఉండరు. వదిలిన పీడను డబ్బిచ్చి మరీ ఇంటికి తెచ్చుకోవడమేమిటని కొందరంటారు. తండ్రి తుపాకిని అమ్ముకున్నవాడు ఏం కొడుకని మరికొందరంటారు. మొదటి రకం నాకు విజయవాడలో ఎక్కువగా తగులుతారు, రెండో రకం గిద్దలూరు వైపు మా చుట్టాల్లో. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. అమ్మడం తప్పే, కానీ మా చుట్టాలు చెప్పే కారణానికి కాదు. కొనడం మంచి పనే, కానీ తుపాకి మీద మోజుతో చేసిన పని కాదు. నాకు ఆయుధాలంటే ఇష్టం లేదు. ఇప్పటికీ నా లైసెన్సు మీద ఒక్క తూటా కూడా కొనలేదు.

ముందు వస్తువు గురించి చెప్పాలి. అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారైన వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ జంట గొట్టాల తుపాకి, ట్వెల్వ్ బోర్. పన్నెండు అన్న ఆ అంకె ఎక్కడిదో చాలామంది లైసెన్సుదారులకే తెలియదు. ఒక పౌను సీసాన్ని సమానంగా పన్నెండు గుండ్లు చేస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టేంత గొట్టం అన్నమాట. కొలిస్తే దాదాపు 18.5 మిల్లీమీటర్లు ఉంటుంది. మిగతా ప్రపంచం గొట్టాన్ని గొట్టంగానే కొలిచే కాలంలో కూడా ఈ తుపాకులు మన కిరాణా కొట్టు లెక్కలోనే ఉండిపోయాయి. లోపలి యంత్రం ఆన్సన్, డీలీ అనే ఇద్దరు బర్మింగ్‌హామ్ వాళ్ళు 1875లో పేటెంటు తీసుకున్న పద్ధతి. నూట యాభై ఏళ్ళయినా పెద్దగా మార్చాల్సిన అవసరం రాలేదు. గొట్టాల అడుగున చదునుగా ఉన్న చోట బర్మింగ్‌హామ్ పరీక్షాశాల ముద్రలుంటాయి. 1813 నుంచి ఆ ఊళ్ళో తయారైన ప్రతి తుపాకినీ మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేసి బయటికి పంపేవారు. మా దాని మీద గది, అంటే తూటా కూర్చునే చోటు, పొడవు రెండున్నర అంగుళాలనీ, ఒత్తిడి చదరపు అంగుళానికి మూడు టన్నులనీ ఉంటుంది. ఆ మూడు టన్నుల ముద్ర 1954 తరువాతి పద్ధతి. అంటే తుపాకి అంత పాతదేమీ కాదు, నాన్న కంటే చిన్నది.

నాన్న దాన్ని 1985లో మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మా పొలం నల్లమల అంచున ఉంటుంది. వేరుశనగ వేసినా కంది వేసినా అడవిపందులతో సగం పంచుకోవాల్సిందే. ఆయన తుపాకి కొనేనాటికే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి 13 ఏళ్ళయింది. వేట ఆయన ఉద్దేశం కాదు. కాయ ఊరే రోజుల్లో మంచె మీద పడుకునేవారు. ముందు డబ్బా వాయించేవారు, తరువాత కేకలు. అప్పటికీ చేలో కదలిక ఆగకపోతే ఆకాశంలోకి ఒక తూటా. అది పేలితే రెండు మూడు రాత్రులు పందులు అటు వచ్చేవి కావు. డబ్బా చప్పుడుకు మాత్రం వారానికే అలవాటు పడిపోయేవి.

ఆయన మనిషి పొడుగు, చేతులు మరీ పొడుగు. బర్మింగ్‌హామ్ వాడి కొలతకు చేసిన చెక్క ఆయన భుజానికి పొట్టి పడింది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర రెండు పొరల తోలు కొట్టించి, చెక్క చివర తొడుగులా కుట్టించుకున్నారు. చూడటానికి అసహ్యంగా ఉండేది. దొర బూటుకు గోనె అతుకు వేసినట్లు ఉండేది.

నాన్న 2016లో పోయారు. లైసెన్సు ఉన్న మనిషి పోతే తుపాకి ఇంట్లో ఉండకూడదు. దాన్ని పోలీసు స్టేషనులోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి, వారసుడు తన పేరున కొత్తగా లైసెన్సు తెచ్చుకోవాలి. అందుకు మిగిలిన వారసులు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అమ్మ, చెల్లెలు స్టాంపు కాగితం మీద సంతకం చేశారు. చెల్లెలు అత్తగారింటి నుంచి పని మానుకుని వచ్చింది. తహసీల్దారు కార్యాలయం బయట చెట్టు కింద నోటరీ బల్ల మీద నిలబడే సంతకం పెట్టి, బస్సు ఉందంటూ వెళ్ళిపోయింది. ఆ కాగితంలో ఏముందో తను చదవలేదు. నేనూ చదవలేదు. డాక్టరు సర్టిఫికెట్టు, శరీరం మనసు రెండూ సరిగ్గానే ఉన్నాయని, అదీ తెచ్చాను. ఏడాదికి పైగా తిరిగాక తుపాకి నా పేరుకు మారింది.

తీరా చూస్తే నేనుండేది విజయవాడలో మూడో అంతస్తు. పందులు లేవు, మంచె లేదు. ఉన్నది నాలుగేళ్ళ పిల్లవాడు. తుపాకిని మూడు ముక్కలుగా విడదీసి బీరువాలో పెట్టి తాళం వేసినా, ఆ గదిలోకి పిల్లవాడు వెళ్తే నా భార్య పని ఆపి మరీ వెనకాలే వెళ్ళేది. "మీకు అవసరం లేని వస్తువు కోసం నేను భయపడటం ఎందుకు?" అని అడిగింది ఒకసారి. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ భయం తప్పని ఇప్పుడు కూడా అనను.

2019 మార్చి 10న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. మా జిల్లాలో తుపాకులు అప్పగించమన్నారు. బ్యాంకు కాపలాదారులకు, పోటీల్లో పాల్గొనే షూటర్లకు మినహాయింపు ఉంటుంది గానీ నాలాంటివాళ్ళకు ఎందుకుంటుంది? సెలవు పెట్టి వెళ్ళి అప్పగించాను. ఏప్రిల్ 11న పోలింగు అయిపోయినా మే 23న లెక్కింపు అయ్యేదాకా వదలరు. మళ్ళీ సెలవు పెట్టి వెళ్ళాను. రసీదు పుస్తకంలో నా వంతు వచ్చేదాకా స్టేషను అరుగు మీద కూర్చున్నప్పుడు పక్కన ఒక పెద్దమనిషి పరిచయమయ్యారు. పాత కాంట్రాక్టరు. అప్పటికే ఆయనకు ఒక రైఫిలు, ఒక రివాల్వరు ఉన్నాయి. నా తుపాకిని చేతిలోకి తీసుకుని, తెరిచి, గొట్టాలను ఆకాశానికేసి పట్టి చూశారు. "అమ్మే ఉద్దేశముందా బాబూ?" అన్నారు. నేను ఆలోచించలేదు. ఉందన్నాను.

చట్టం మాత్రం నన్ను ఆలోచించమంది. మన దేశంలో తుపాకిని స్కూటరులా అమ్మడం కుదరదు. ఆయుధాల చట్టం, 1959లో అయిదో సెక్షను ప్రకారం ఎవరికి అమ్మదలచుకున్నానో ఆ పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి స్టేషనుకో ముందుగా రాతపూర్వకంగా తెలపాలి. తెలిపిన తరువాత కనీసం 45 రోజులు గడవాలి. ఆ తరువాతే చేతులు మారాలి. ఆ 45 రోజుల్లో కొనేవాడి గురించి విచారించడానికి అధికారులకు వ్యవధి దొరుకుతుంది. అమ్మేవాడికీ అంతే వ్యవధి దొరుకుతుందన్న సంగతి నాకు అప్పట్లో తట్టలేదు. గోడ మీద క్యాలెండరులో తేదీలు కొట్టేస్తూ కూర్చున్నాను. ఆరేడు వారాల పాటు నోటీసు వెనక్కి తీసుకునే హక్కు నా జేబులో ఉంది. నేనేమో ఆఫీసులో టీ తాగుతూ ప్రభుత్వాల జాప్యం గురించి ఉపన్యాసాలిచ్చాను.

ఆ వ్యవధిలో ఇంకో పని కూడా చేశాను. అమ్మబోయే వస్తువు చూడటానికి బాగుండాలని నాన్న కుట్టించిన తోలును బ్లేడుతో కోసి తీసేశాను. గట్టిపడిన పాత జిగురు చెక్కకు పట్టి ఉంటే తడిగుడ్డతో నానబెట్టి గీకాను. కింద చెక్క లేత రంగులో, చిన్నపిల్లల అరికాలులా ఉంది. తోలును చెత్తబుట్టలో వేశాను.

ఒక్క మంచి పని బద్ధకం వల్ల జరిగింది. తుపాకి పోయాక లైసెన్సు ఎందుకని రద్దుకు దరఖాస్తు పెడదామనుకుని, ఆ ఫారం నింపకుండా బల్ల సొరుగులో పడేశాను.

మరుసటి ఏడు లాక్‌డౌను. ఆఫీసు పని ఇంటి నుంచే కావడంతో అందరం ఊరికి చేరాం. చెల్లెలు కూడా పిల్లలతో వచ్చింది. ఆగస్టులో వేరుశనగ కాయ ఊరుతోంది. రాత్రి పదకొండు దాటాక చుట్టుపక్కల చేలల్లో డబ్బాలు మొదలయ్యేవి. మా కౌలుదారు కూడా డబ్బానే వాయించేవాడు. అమ్మ వాకిట్లో మంచం మీద పడుకుని, ఏ డబ్బా ఎవరి చేనుదో చప్పుడును బట్టి చెప్పేది. మా చేను గురించి ఏమీ అనేది కాదు. తుపాకి అమ్మానని ఆమెకు చెప్పినప్పుడు కూడా ఏమీ అనలేదు. "నీ ఇష్టం నాయనా" అంది. మా అమ్మ నోట ఆ మాట వస్తే అది ఆమె ఇష్టం కాదని అర్థం. నాకు తెలుసు. తెలియనట్లు ఉండటం తేలికని ఊరుకున్నాను.

ఒకరోజు నాన్న ఇనుప పెట్టె సర్దుతుంటే పాత పంచె ముక్కలో చుట్టిన పొడవాటి వస్తువు దొరికింది. గొట్టాలు తుడిచే కడ్డీ. దాని కింద బడిపిల్లల గీతల నోటు పుస్తకం ఒకటి. మొదటి పేజీలో తూటాల లెక్క అని రాసి ఉంది. ఎన్ని కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఎంతకు కొన్నారు అన్నవి ఎడమ పేజీలో ఉన్నాయి. పేల్చినవి కుడి పేజీలో. తేదీ, సంఖ్య, దిక్కు, కారణం. "ఒకటి. పైకి. పందులు." ఇదే మాట పేజీల తరబడి. మధ్యలో ఎక్కడో "ఒకటి. పేలలేదు. తడి." ఇంకొక చోట "ఒకటి. పైకి. పందులనుకున్నా. ఎనుము." కొన్నేళ్ళు ఒక్క గీతే. ఏమీ పేల్చలేదన్నమాట. 1985 నుంచి 2011 దాకా కూడితే 143 తూటాలు. ఏడాదికి అయిదున్నర కూడా కాదు. అన్నీ 65 మిల్లీమీటర్ల పొడవువే, ఒక్కటి కూడా 70ది లేదు. గది రెండున్నర అంగుళాలని ముద్ర చెబుతున్నప్పుడు పొడుగు తూటా పెట్టకూడదని ఆయనకు తెలుసు. ఎవరు చెప్పారో మరి.

నేను పుట్టిన 1987లో ఒక వరుస వేరుగా ఉంది. "రెండు. పైకి. అబ్బాయి."

చెల్లెలు నా భుజం మీదుగా చదువుతోంది. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని 1990కి తిప్పింది. తను పుట్టిన నెల వెతికింది. ముందు నెలలో పందులు, తరువాతి నెలలో పందులు. ఆ నెల ఖాళీ.

"నాన్న లెక్క ఎప్పుడూ తప్పేవారు కాదు అన్నయ్యా" అంది. నవ్వుతూనే అంది. కాసేపయ్యాక, పుస్తకం మూయకుండానే, "అమ్మేటప్పుడు నన్నెందుకు అడగలేదు?" అంది.

నువ్వే అభ్యంతరం లేదని సంతకం పెట్టావు కదా అన్నాను.

"నీ పేరున ఉంచుకోవడానికి పెట్టాను."

నాకు జ్ఞానోదయం ఏదైనా అయి ఉంటే అది ఆ వాకిట్లోనే అయింది. చట్టప్రకారం తను చెప్పింది నిలబడదు. లైసెన్సు నా పేరున వచ్చాక అమ్మే అధికారం నాదే. అధికారం ఉందన్న ఒక్క కారణానికే ఎవరినీ అడగలేదన్నది కూడా అంతే నిజం. పొలం అమ్మాలంటే చెల్లెలి సంతకం కావాలి కాబట్టి అడుగుతాం. అమ్మ నగ చెరిపించాలంటే ఇల్లంతా కూర్చుని మాట్లాడుకుంటాం. నాన్న చేతిలో ఇరవై ఆరేళ్ళు మెలిగిన వస్తువును మాత్రం స్టేషను అరుగు మీద పరిచయమైన మనిషికి, ఇంట్లో ఎవరికీ చెప్పకముందే ఖాయం చేశాను. చట్టం నన్ను రెండుసార్లు ఆపి, నీతోపాటు ఇది ఇంకెవరిదని అడిగింది. వారసుల కాగితం దగ్గర ఒకసారి, 45 రోజుల నోటీసు దగ్గర ఒకసారి. రెండుసార్లూ నేను ముద్ర వేయించుకుని ముందుకు నడిచాను.

దిక్కుమాలిన నిబంధనలని మనం రోజూ తిట్టుకునే వాటిలో చాలా వాటికి ఆ తిట్లు తగినవే. తుపాకి విషయంలో ఆ నిదానమే దాని ప్రాణమని ఇప్పుడు వాదిస్తాను. తుపాకి కొనేవాడు కోపంలో కొనవచ్చు, భయంతో కొనవచ్చు. అమ్మేవాడు విసుగులో అమ్మవచ్చు. కోపం, భయం, విసుగు మూడూ ఆరు వారాలు నిలబడటం కష్టం. నా విసుగు ఎన్నికలతో వచ్చింది, ఎన్నికలతోనే పోయేది. ఆన్‌లైనులో వారంలో అన్నీ అయిపోవాలని కోరే మిత్రులు ఈ ఒక్కదాన్ని వదిలేయాలని నా మనవి.

మళ్ళీ కొనాలని అనుకోవడం ఒక ఎత్తు, ఆయన అమ్మడం ఒక ఎత్తు. ఫోను చేయడానికి నాలుగు రోజులు తటపటాయించాను. చేస్తే ఆ పెద్దమనిషే, "నేనే నీకు చేద్దామనుకుంటున్నా" అన్నారు. సంగతేమిటంటే, నేను అమ్మిన అయిదు నెలలకే, 2019 డిసెంబరులో, పార్లమెంటు ఆయుధాల చట్టాన్ని సవరించింది. అంతకుముందు ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉండవచ్చు. బిల్లులో ముందు ఒక్కటే అన్నారు. తరతరాల తుపాకులున్న కుటుంబాల నుంచి, ఉత్తరాది రాష్ట్రాల నుంచి ముఖ్యంగా, అభ్యంతరాలు వచ్చాయి. చివరికి రెండు దగ్గర ఆగింది. వారసత్వంగా వచ్చినా రెండు దాటకూడదు. మూడోది ఉన్నవాళ్ళు ఏడాదిలోగా స్టేషనులోనో డీలరు దగ్గరో అప్పగించాలి. ఆ చట్టం డిసెంబరు 14న అమలులోకి వచ్చింది. అంటే 2020 డిసెంబరు రెండో వారం దాకా గడువు. రైఫిలు, రివాల్వరు ఉంచుకుని ఆయన నాన్న తుపాకిని పొరుగు జిల్లాలో ఒక డీలరు దగ్గర డిపాజిట్ చేశారు. ఆయన్ను తప్పుపట్టలేను. మూడింటిలో ఆయనకు అన్నిటికంటే తక్కువ పరిచయం ఉన్నది అదే.

వెళ్ళి చూశాను. అద్దాల బీరువాలో, బొమ్మల కొలువులో వెనక వరుసలో పెట్టిన బొమ్మలా, నాలుగు తుపాకుల వెనక ఉంది. డీలరు దాన్ని తీసి బల్ల మీద పెట్టి, ఇవి డమాస్కస్ గొట్టాలు సార్, ఈ ఉక్కు అసలు మన తెలంగాణదే అన్నారు. ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, ఈ కథ చాలా చోట్ల విన్నాను గనక. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారన్నది చరిత్రే. డమాస్కస్ పేరు మోసిన కత్తుల వెనక దక్కను ఉక్కు ఉందన్నదీ నిజమే. తుపాకుల్లో డమాస్కస్ గొట్టమనేది మాత్రం వేరే పని. ఇనుము, ఉక్కు బద్దీలను కలిపి మెలిపెట్టి, కడ్డీ చుట్టూ తాడులా చుట్టి అతికేవారు. బెల్జియంలో లియెజ్, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దానికి ప్రసిద్ధి. మెలికల గీతలు కత్తి మీది గీతల్లా కనబడతాయని ఆ పేరు పెట్టారు. పైగా 1954 తరువాతి మా తుపాకి అదీ కాదు, మామూలు ఉక్కు గొట్టం. మన ఉక్కు గొప్పదే. దాని పేరు చెప్పి ధర పెంచనక్కరలేదు.

ఆయన మాటలు ఆయనవి, నా భయం నాది. కాంట్రాక్టరు గారు ఫోనులో యథాలాపంగా ఒక మాట అన్నారు, 70 మిల్లీమీటర్ల తూటాలు కూడా బ్రహ్మాండంగా పడుతున్నాయి బాబూ అని. పడతాయి. అదే ప్రమాదం. పేలకముందు తూటా మూతి దగ్గరి మడత వల్ల పొట్టిగా ఉండి గదిలో ఇమిడిపోతుంది. పేలాక ఆ మడత విచ్చుకోవడానికి చోటు చాలదు. లోపల ఒత్తిడి పెరుగుతుంది. మూడు టన్నులకు ముద్ర వేయించుకున్న పాత గొట్టానికి అది మంచిది కాదు.

అందుకని ఆ మధ్యాహ్నం రెండు గంటలు ఆ బల్ల దగ్గరే ఉన్నాను. ముందు గొట్టాలు విడదీసి వెలుతురుకేసి పట్టాను. ట్యూబులైటు గీత గొట్టం లోపలి గోడ మీద తిన్నగా సాగాలి. ఎక్కడైనా వంకర తిరిగి ఉంగరంలా నీడ పడితే అక్కడ ఉబ్బిందని. కుడి గొట్టం శుభ్రంగా ఉంది. ఎడమ గొట్టంలో మధ్యకు కాస్త ఇవతల సన్నని తుప్పు గుంటలు, ఆవాలు చల్లినట్లు. అవి నాన్న నాటివే. 1999 వానల్లో మంచె కారిందని పుస్తకంలో ఉంది. తరువాత గొట్టాలను అడుగున ఉండే కొక్కేనికి దారం కట్టి వేలాడదీసి వేలి కణుపుతో కొట్టాను. కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తామే, అలాగే. రెండు గొట్టాలను కలిపే బద్దీ ఎక్కడైనా ఊడితే బొదబొదమంటుంది. ఇది గుడిగంట ఆగాక మిగిలే చప్పుడులా సాగి సాగి పోయింది. కొట్టులో పనిచేసే కుర్రాడు తల తిప్పి చూశాడు. చివరగా మళ్ళీ బిగించి, మూసి, సందులో రసీదు కాగితం దూర్చి చూశాను. దూరలేదు. గొట్టాల మీద, యంత్రం మీద, గొట్టాల కింద చేత్తో పట్టుకునే ముందు చెక్క లోపలి ఇనుము మీద ఒకటే నంబరు. తెరిచాను. సేఫ్టీ దానంతట అదే టక్కుమని వెనక్కి వచ్చింది. మంచె కింద పడుకుని నిద్రలో విన్న చప్పుడు అది.

భుజానికి ఆన్చాను. నాన్న చేతులు నాకు రాలేదు. తోలు లేకుండానే నాకు సరిగ్గా సరిపోయింది. సంతోషించాల్సిన విషయమే. చెక్క చివర నేను గీకిన చోట వార్నిషు వేయించారు, లేత రంగు కూడా పోయింది.

ధర దగ్గర బేరమాడలేదు. విదేశీ తుపాకుల దిగుమతి దశాబ్దాలుగా బిగుసుకుపోయింది. ఉన్నవే చేతులు మారాలి కాబట్టి పాత ఇంగ్లీషు తుపాకి ధర దిగడం అరుదు. మళ్ళీ నోటీసు, మళ్ళీ 45 రోజులు. ఈసారి అమ్మేది ఆయన, ఎదురుచూసేది నేను. సొరుగులో పడి ఉన్న లైసెన్సు మీద కొనుగోలు అనుమతి తెచ్చుకున్నాను. గడువు ఇంకో వారం ఉందనగా తుపాకి నా చేతికి వచ్చింది.

ఒక మిత్రుడు, ఎకనామిక్స్ చెప్పేవాడు, ఏడాదిన్నరకు 25 వేలు అద్దె కట్టావన్నమాట అన్నాడు. నేను దాన్ని జరిమానాగా రాసుకున్నాను, అదీ తక్కువేనని నా అభిప్రాయం. మా పెదనాన్న కొడుకు ఇంకో రకం. తుపాకి తిరిగి వచ్చిందనగానే, మన ఇంటి పరువు తిరిగి వచ్చిందిరా, దసరాకు తీసుకురా, పూజలో పెట్టి రెండు పేలుద్దాం అన్నాడు. మా వైపు సమస్యే ఇది. తుపాకి అనగానే మీసం గుర్తుకొస్తుంది. సీమ అంటే తుపాకులే అన్నట్లు చూపించే సినిమాలను తిట్టుకుంటూనే, ఆ బొమ్మలోకి దూరడానికి ఉబలాటపడతాం. నాన్న 143 తూటాల్లో పరువు కోసం పేల్చినవి రెండే రెండు, నా పుట్టుకకు. నాకు తెలిసి ఆయన చేసిన ఒకే ఒక్క తెలివితక్కువ పని అదే. పైకి వెళ్ళిన సీసం పైనే ఉండిపోదు. నా తుపాకిని నా దగ్గరికి చేర్చిన ఆ 2019 సవరణే, సంబరాల్లో తుపాకి పేల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని కూడా పెట్టింది. మా అన్నకు ఆ సెక్షను ఫోనులో చదివి వినిపించాను. దసరాకు నన్ను పిలవలేదు.

మరి తూటా కొననివాడికి తుపాకి ఎందుకు అని నా భార్య అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఆ మాటకొస్తే నాన్న పెట్టెలో గడియారం కూడా ఉంది, అది ఆగిపోయి ఇరవై ఏళ్ళు. దాన్ని ఎవరికిచ్చినా నాకు బెంగ లేదు, ఎవరి చేతిలోనైనా గడియారం గడియారమే. తుపాకి అలా కాదు. నాన్న చేతిలో అది పందుల మీదికి కేక, ఇంకొకరి చేతిలో ఇంకేదైనా కావచ్చు. కాంట్రాక్టరు గారు మంచివారు గనక గోడకు వేలాడింది. ఆయన తరువాత ఎవరో నేను అడగలేదు. అసలు ఆయన గురించే ఏమీ అడగలేదు. తుపాకిని ఇంట్లో పెట్టుకోవడం బాధ్యత అని అందరూ ఒప్పుకుంటారు. ఇంట్లోంచి పంపడం అంతకంటే పెద్ద బాధ్యతని, చేసిన తరువాత నాకు తెలిసింది. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. గోడలోకి బోల్టులు దిగ్గొట్టిన ఇనుప పెట్టె కొనిపించింది. ముందు చెక్కను వేరే తాళంలో పెట్టమంది, ఆ తాళంచెవి తన దగ్గర ఉంచుకుంది. ముందు చెక్క లేకపోతే తుపాకి బిగుసుకోదు. మా ఇంట్లో ఇప్పుడు ఇద్దరం ఒప్పుకుంటేనే అది తుపాకి. పిల్లవాడికి అంతా చూపించాం, దాచలేదు. రెండు నిమిషాల్లో విసుగొచ్చి క్రికెట్టుకు వెళ్ళిపోయాడు.

2024 మార్చి 16న మళ్ళీ ఎన్నికల షెడ్యూలు. మళ్ళీ సెలవు, మళ్ళీ అదే స్టేషను, అదే అరుగు. కానిస్టేబులు అట్టముక్క మీద నా పేరు, నంబరు రాసి, పురికొసతో మీట చుట్టూ ఉండే వంపుకు కట్టాడు. ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. రసీదులో నంబరును అంకె అంకె చదివి సరిచూసుకున్నాను. వెనక ఉన్నాయన విసుక్కున్నాడు.

రసీదు పోకుండా ఉండాలంటే నాన్న పుస్తకంలో పెట్టడమే మేలని, దారిలో చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఆ పుస్తకం 2020 నుంచి తన దగ్గరే ఉంది, అదొక్కటి నాకు ఇవ్వు అని అడిగి తీసుకుంది. రసీదు పెడదామని తిరగేస్తుంటే 1990 దగ్గర తెరుచుకుంది. ఖాళీగా ఉన్న నెలలో, పందులకూ పందులకూ మధ్య, పెన్సిలుతో తన చేతి రాత.

"బాకీ రెండు."

వంటింట్లోంచి కాఫీ తెస్తూ నేను అక్కడే ఆగడం చూసింది. తీర్చమని కాదులే, చట్టం ఒప్పుకోదటగా అంది. గ్లాసు నా చేతికిచ్చి, రసీదు నా చేతిలోంచి తీసుకుని ఆ పేజీలోనే పెట్టి మూసింది.